వార్త కింద ఏ మాట ఉండాలి, ఏది పోవాలి: చర్చావేదిక నియమాల వెనుక లెక్కలు, చిక్కులు

వార్తల చర్చావేదికల్లో ఒకే రోజు, ఒకే వార్త కింద రెండు రకాల ఫిర్యాదులు వస్తుంటాయి. "నేనేం తప్పు రాశానని నా పోస్టు తీసేశారు?" అని ఒకరు. "అంత దారుణంగా రాసినా ఆ పోస్టును ఇంకా ఎందుకు ఉంచారు?" అని మరొకరు. మొదటివారి దృష్టిలో అది సెన్సార్‌షిప్, రెండోవారి దృష్టిలో చేతకానితనం. చాలాసార్లు రెండు ఫిర్యాదులకూ మూలం ఒకటే. నియమం అంటూ ఒకటి ఉంటుంది గానీ, దాన్ని చదివి ఏ పోస్టు నిలుస్తుందో, ఏది పోతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. రాసేవారూ చెప్పలేరు, తీసేవారూ చెప్పలేరు.

నియమం ఎంత ఉదాత్తంగా ఉందన్నది పెద్ద విషయం కాదు. ఒకరినొకరు సంప్రదించుకోని ఇద్దరు మోడరేటర్లు (పోస్టు ఉండాలో పోవాలో తేల్చేవారు) ఒక చిక్కు పోస్టును చూసి ఒకే నిర్ణయానికి రాగలిగితే ఆ నియమం పనిచేస్తున్నట్టు. రాలేకపోతే అది అలంకారంగా మిగిలినట్టు. నియమాలు రాయడంలోని కష్టమంతా ఇక్కడే ఉంది.

నియమం వేరు, ప్రమాణం వేరు, చర్య వేరు

నియమం అంటే పాఠకుడికి కనిపించే వాక్యం. "వ్యక్తిగత దూషణ చేయకూడదు" అన్నది నియమం. ఆ వాక్యాన్ని మోడరేటర్ ఎలా వర్తింపజేయాలో చెప్పే వివరణ ప్రమాణం. ఏది దూషణ, ఏది ఘాటైన విమర్శ, రెండింటికీ మధ్యలో ఉన్నవాటిని ఏం చేయాలి అన్నది అందులో ఉదాహరణలతో సహా ఉంటుంది. ఆ తర్వాత జరిగేది చర్య: పోస్టును దాచడం, తీసేయడం, హెచ్చరించడం, ఖాతాను కొన్నాళ్లు ఆపడం, పూర్తిగా మూసేయడం.

చాలా వేదికలు నియమం రాసి నేరుగా చర్యలోకి దూకుతాయి. మధ్యలో ఉండాల్సిన ప్రమాణం కాగితం మీద ఉండదు, మోడరేటర్ల మనసుల్లో ఉంటుంది. అది మనిషికో తీరుగా, ఒక్కోసారి ఒకే మనిషిలో పూటకో తీరుగా ఉంటుంది. పాఠకులకు పక్షపాతంలా కనిపించేదాంట్లో చాలా భాగం ఈ ఖాళీయే.

ప్రమాణాన్ని కూడా బయటపెట్టాలా అన్నదానిపై వాదన ఉంది. బయటపెడితే గీత ఎక్కడుందో తెలుసుకుని, దానికి అంగుళం ఇవతల నిలబడి వేధించేవారు ఉంటారని ఒక వాదం. అది నిజమే. కానీ గీత ఎక్కడుందో తెలియక భయంతో రాయడం మానేసేవారి సంఖ్య ఎవరికీ కనిపించదు. ప్రకటనల స్పామ్‌ను, దొంగ ఖాతాలను పట్టే సాంకేతిక గుర్తులను దాచుకోవడం సమంజసం. మాటల హద్దులను మాత్రం ఉదాహరణలతో సహా బయట పెట్టాల్సిందే.

వార్తల దగ్గర చిక్కు ఎందుకు ఎక్కువ

కెమెరాల గురించి మాట్లాడుకునే వేదికలో గొడవైతే నష్టం సాధారణంగా మాట్లాడుకున్నవారికే. వార్తలో అలా కాదు. ఆ చర్చలో లేని, ఆ చర్చను కోరుకోని మనుషుల పేర్లు అందులో ఉంటాయి: ప్రమాదంలో గాయపడినవారు, నిందితులు, సాక్షులు, వారి కుటుంబాలు. తమ గురించి ఏం రాస్తున్నారో వారికి తెలియనే తెలియకపోవచ్చు.

రెండో సంగతి, కాలం. ఉదయం తొమ్మిదింటికి తెలిసిన సమాచారం ప్రకారం న్యాయంగా అనిపించిన పోస్టు, పదకొండింటికి పోలీసుల ప్రకటన వచ్చేసరికి అమాయకుడి మీద నింద అయిపోతుంది. కొత్త పోస్టులను మాత్రమే చూసే పద్ధతిలో ఇది దొరకదు. వార్తలో దిద్దుబాటు జరిగిన ప్రతిసారీ దాని కింద ఉన్న పాత పోస్టులను మళ్లీ చూడాలన్న పని క్రమం విడిగా రాసుకోవాలి. చాలాచోట్ల ఈ అడుగు ఉండదు.

మూడోది, గుర్తింపు బయటపడటం. లైంగిక నేరాల బాధితుల పేర్లు, కేసుల్లో చిక్కుకున్న పిల్లల పేర్లు వెల్లడించడాన్ని అనేక దేశాల చట్టాలు నిషేధిస్తాయి. విలేకరి జాగ్రత్తగా పేరు దాచి రాస్తారు. కింద ఒకరు బడి పేరు రాస్తారు, ఇంకొకరు తరగతి చెబుతారు, మూడో మనిషి "వాళ్ల నాన్న ఫలానా ఆఫీసులో పనిచేస్తారు" అంటారు. విడివిడిగా చూస్తే మూడు పోస్టుల్లోనూ పేరు లేదు. కలిపి చదివితే పేరు తప్ప అన్నీ ఉన్నాయి. అందుకే ఇలాంటి వార్తల దగ్గర పోస్టును ఒంటరిగా చూసి తీర్పు చెప్పకూడదు, మొత్తం వరుసను చదవాలి. అది చేసే తీరిక లేనప్పుడు ఆ వార్త కింద చర్చను అసలు తెరవకపోవడమే మేలు. బాధితులకు జరిగే ఈ నష్టాన్ని క్షమాపణతో పూడ్చలేం.

చట్టం ఎక్కడ గీత గీస్తుంది

మోడరేషన్‌కు సంబంధించిన చట్టం విచిత్రమైన తీర్పులతోనే మొదలైంది. 1991లో అమెరికాలో కంప్యూసర్వ్ అనే ఆన్‌లైన్ సేవల సంస్థ మీద వేసిన పరువునష్టం కేసులో, ఆ సంస్థ రాతలను ముందుగా పరిశీలించదు కాబట్టి వాటికి బాధ్యత లేదని కోర్టు తేల్చింది. 1995లో ప్రాడిజీ అనే మరో సంస్థ కేసులో, అది నియమాలు పెట్టి పోస్టులను తీసేస్తోంది కాబట్టి ప్రచురణకర్తతో సమానమని, బాధ్యత ఉంటుందని న్యూయార్క్ కోర్టు అంది. అంటే శుభ్రం చేసేవారికి శిక్ష, పట్టించుకోనివారికి రక్షణ. ఈ తలకిందుల స్థితిని సరిచేయడానికే 1996లో అమెరికా కమ్యూనికేషన్స్ డీసెన్సీ చట్టంలో భాగంగా సెక్షన్ 230 వచ్చింది. ఇతరులు రాసినదానికి వేదికను ప్రచురణకర్తగా చూడకూడదని, సదుద్దేశంతో మోడరేషన్ చేసినంత మాత్రాన ఆ రక్షణ పోదని అది చెబుతుంది.

భారతదేశంలో 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని సెక్షన్ 79 మధ్యవర్తులకు (ఇతరుల రాతలను మోసే వేదికలకు) షరతులతో కూడిన రక్షణ ఇస్తుంది. చట్టవిరుద్ధమైన రాత గురించి "తెలిసి కూడా" తీయకపోతే ఆ రక్షణ పోతుంది. ఎవరో ఫిర్యాదు చేసినంత మాత్రాన తెలిసినట్టు కాదు, కోర్టు ఉత్తర్వు లేదా ప్రభుత్వ నోటిఫికేషన్ ఉండాలని 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలకు శిక్ష వేసే సెక్షన్ 66ఏని కొట్టేసింది కూడా ఆ తీర్పే.

యూరప్‌లో రెండు కేసులను పక్కపక్కన పెట్టి చదవాలి. ఎస్తోనియాలోని డెల్ఫీ అనే వార్తా పోర్టల్ 2006లో ఒక పడవల కంపెనీ గురించి వార్త ఇచ్చింది. కింద 185 పోస్టులు వచ్చాయి. వాటిలో 20 దాకా ఆ కంపెనీ యజమానిపై బెదిరింపులు, దూషణలు. ఆరు వారాల తర్వాత లాయర్లు అడిగితే అదే రోజు తీసేశారు. అయినా దేశీయ కోర్టులు 320 యూరోల పరిహారం విధించాయి. 2015లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఆ నిర్ణయం భావప్రకటన స్వేచ్ఛను ఉల్లంఘించలేదని చెప్పింది. మరుసటి ఏడాది హంగరీకి చెందిన ఎంటీఈ, ఇండెక్స్ కేసులో అదే కోర్టు మరోలా తేల్చింది. అక్కడి మాటలు మొరటువే గానీ విద్వేషం, హింసా ప్రేరేపణ కావని, వాటికి వేదికను బాధ్యుల్ని చేయడం తప్పని అంది.

రెండు తీర్పులూ కలిసి నియమాలు రాసేవారికి ఒక పాఠం ఇస్తున్నాయి. అసభ్యత, హాని ఒకటి కావు. బూతు పదం ఉన్న పోస్టు ఆరు గంటలు నిలిస్తే వేదిక పరువు కొంత పోతుంది. బెదిరింపు ఆరు గంటలు నిలిస్తే ఒక మనిషి ప్రాణం ప్రమాదంలో పడుతుంది. ఏది ముందు చూడాలన్న వరుస దీని ప్రకారమే ఉండాలి.

చట్టం అడుగు గీత మాత్రమే. చట్టం అనుమతించే ప్రతి మాటనూ వేదిక మోయాల్సిన పని లేదు.

"మర్యాదగా రాయండి" ఎందుకు పనిచేయదు: ఒక వార్త, ఆరు పోస్టులు

ఒక ఊహాత్మక వార్త తీసుకుందాం. కొత్తగా కట్టిన వంతెన కూలి ఇద్దరికి గాయాలయ్యాయి. పనులు పర్యవేక్షించిన ఇంజినీరు పేరు వార్తలో ఉంది. వేదిక నియమం ఒక్కటే: "అందరూ మర్యాదగా రాయండి." కింద ఈ పోస్టులు వచ్చాయి.

మొదటిది: "ఈ శాఖకు సిగ్గు లేదు. ప్రజల డబ్బు నీళ్లలో పోశారు." మర్యాదగా లేదు. కానీ ఇది ఒక సంస్థ పనితీరు మీద కోపం. ఇలాంటి కోపం కోసమే వార్తా చర్చలు ఉన్నాయి. ఉండాలి.

రెండోది: "గౌరవనీయులైన ఇంజినీరు గారు ఎంత పుచ్చుకున్నారో అందరికీ తెలిసిన విషయమే కదండీ." పూర్తి మర్యాద. అయితే పేరున్న ఒక వ్యక్తి లంచం తీసుకున్నాడని ఆధారం లేకుండా వాస్తవంగా చెబుతోంది. పోవాలి. ఇదే మనిషి "టెండరు ఎంతకు ఇచ్చారు, నాణ్యత పరీక్షల నివేదిక ఎక్కడ ఉంది, బయటపెట్టాలి" అని రాసి ఉంటే నిక్షేపంగా ఉండేది. అనుమానాన్ని ప్రశ్నగా అడగడం వేరు, నేరంగా ప్రకటించడం వేరు. "లంచం తీసుకున్నాడా?" అని చివర ప్రశ్నార్థకం తగిలించినంత మాత్రాన ప్రశ్న అయిపోదు, దాన్నీ ప్రమాణంలో రాసుకోవాలి.

మూడోది: "ఆయన ఇల్లు పార్కు వెనుక రెండో వీధిలో. వెళ్లి అడిగితే సరి." ఒక్క దురుసు మాట లేదు. అన్నిటికంటే ముందు, క్షణం ఆలస్యం లేకుండా తీయాల్సింది ఇదే. చిరునామా ఎక్కడో బహిరంగంగా దొరుకుతుందన్న వాదన చెల్లదు. కోపంగా ఉన్న గుంపు ముందు పెట్టడంతో దాని స్వభావం మారిపోతుంది.

నాలుగోది: "ఆ వర్గంవాళ్లకు ఉద్యోగాలిస్తే వంతెనలు ఇలాగే కూలతాయి." ఇంజినీరు చేసినదాని గురించి ఇందులో ఏమీ లేదు, అతని పుట్టుక గురించే ఉంది. పోవాలి. "వర్గం" అన్న పదాన్ని బట్టి తీయకూడదు, ఎందుకంటే "మా వర్గాన్ని ఇలా అనడం అన్యాయం" అన్న ఐదో పోస్టులోనూ అదే పదం ఉంది. అది నిందకు జవాబు. నాలుగోది తీసేసి ఐదోది వదిలేస్తే అది దేనికి జవాబో అర్థం కాకుండా గాల్లో వేలాడుతుంది. అలాంటప్పుడు మూల పోస్టు ఉన్నచోట "నియమం ప్రకారం తీసివేశాం" అన్న గుర్తు ఉంచాలి.

ఆరోది: "ఇద్దరికి గాయాలు కాదు, నలుగురు పోయారు. దాస్తున్నారు. మా బావ అక్కడే ఉన్నాడు." అన్నిటికంటే చిక్కుముడి ఇది. అబద్ధమైతే భయాన్ని పెంచుతుంది. నిజమైతే అది వార్త. తీసేస్తే "చూశారా, దాస్తున్నారు" అన్న మాటకు బలం వస్తుంది. దీన్ని తాత్కాలికంగా నిలిపి, న్యూస్ డెస్క్‌కు పంపి, రాసినవారిని సంప్రదించి, తేలిన తర్వాత నిర్ణయించడం మంచిది. ఇందుకు "ఉంచు, తీసేయి" అనే రెండు మీటలే ఉన్న వ్యవస్థ చాలదు, "ఆపి విచారించు" అన్న మూడోది కావాలి. దానికి గడువు కూడా ఉండాలి. గడువు లేని విచారణ తీసివేతతో సమానం.

ఇప్పుడు నియమాన్ని తిరగరాస్తే ఇలా ఉంటుంది: "సంస్థలను, పదవిలో ఉన్నవారి పనిని ఎంత ఘాటుగానైనా విమర్శించండి. పేరున్న వ్యక్తి నేరం చేశాడని ఆధారం చూపకుండా రాయకండి. ఎవరి చిరునామా, ఫోన్ నంబరు, కుటుంబ వివరాలు రాయకండి. పుట్టుకను బట్టి ఎవరినీ నిందించకండి." ఇందులో "మర్యాద" అన్న పదమే లేదు. పాత వాక్యం కన్నా ఇది ఎక్కువ మాటలను అనుమతిస్తుంది, ఎక్కువ మందిని కాపాడుతుంది కూడా.

నియమం పనిచేస్తోందో లేదో కొలిచే పద్ధతి

గత వారం పోస్టుల్లోంచి 100 తీసి, ఇద్దరు మోడరేటర్లకు విడివిడిగా ఇవ్వండి. ఇద్దరూ ఉంచాలన్నవి 80, ఇద్దరూ తీయాలన్నవి 6, మొదటివారు మాత్రమే తీయాలన్నవి 8, రెండోవారు మాత్రమే తీయాలన్నవి 6 అనుకుందాం. ఏకాభిప్రాయం 86 శాతం. నివేదికలో చూడటానికి బాగుంటుంది.

అసలు సంగతి వేరే ఉంది. కనీసం ఒకరైనా తీయాలన్న పోస్టులు 20. వాటిలో ఇద్దరూ కలిసింది ఆరింటి దగ్గర మాత్రమే. అంటే హద్దు మీద ఉన్న పోస్టు భవితవ్యాన్ని ఆ పూట డ్యూటీలో ఎవరున్నారన్నదే తేలుస్తోంది. యాదృచ్ఛికంగా కలిసే అవకాశాన్ని మినహాయించి లెక్కగట్టే కోహెన్ కప్పా సూచిక ఈ అంకెలకు సుమారు 0.38 వస్తుంది. పూర్తి ఏకాభిప్రాయానికి 1, యాదృచ్ఛికమైతే 0.

తేడా వచ్చిన 14 పోస్టులను బల్ల మీద పెట్టి ఇద్దరినీ మాట్లాడించాలి. ఎవరు సరి, ఎవరు తప్పు అన్నది అక్కడ వెతకకూడదు. నియమంలోని ఏ మాట ఇద్దరికీ రెండు రకాలుగా అర్థమైందో వెతకాలి. తేలిన నిర్ణయాన్ని ఉదాహరణగా ప్రమాణంలో చేర్చాలి. కొత్త మోడరేటర్‌కు శిక్షణ ఇవ్వడానికి ఏ సిద్ధాంతం కన్నా ఇలా పోగుపడిన ఉదాహరణలే బాగా పనికొస్తాయి.

ముందే చూడాలా, వచ్చాక చూడాలా

ప్రతి పోస్టునూ చూశాకే ప్రచురిస్తే అది ముందస్తు పరిశీలన. ప్రచురించాక చూస్తే అనంతర పరిశీలన. ఎవరైనా రిపోర్ట్ కొడితేనే చూస్తే ఫిర్యాదు ఆధారిత పరిశీలన. మొదటిది సురక్షితం, కానీ చర్చ నత్తనడక నడుస్తుంది. మూడోది చౌక. ఎవరి దగ్గర రిపోర్ట్ కొట్టే మనుషులు ఎక్కువున్నారో వారి ప్రత్యర్థుల పోస్టులు ముందు పోతాయి.

మనుషుల లెక్క వేసేటప్పుడు సగటు మోసం చేస్తుంది. రోజుకు 1,200 పోస్టులు, ఒక్కోదానికి 20 సెకన్లు అనుకుంటే 6 గంటల 40 నిమిషాలు. ఒక్కరు చాలనిపిస్తుంది. నిజానికి పదింట తొమ్మిది 15 సెకన్లలో తేలిపోతాయి. మిగిలిన ఒకటి పాత సంభాషణ చదివి, వార్త చూసి, ఖాతా చరిత్ర తిరగేస్తేగానీ తేలదు, మూడు నిమిషాలు పడుతుంది. అప్పుడు తేలికైన 1,080కి నాలుగున్నర గంటలు, చిక్కువైన 120కి ఆరు గంటలు, మొత్తం పదిన్నర. పైగా ఇదంతా రోజంతా సమంగా రాదు, పెద్ద వార్త పడిన రెండు గంటల్లోనే సగం వస్తుంది.

ముందస్తు పరిశీలన ఎంత ఖరీదో న్యూయార్క్ టైమ్స్ అనుభవం చెబుతుంది. 2017లో ఆ పత్రికలో 14 మంది మోడరేటర్లు రోజుకు సుమారు 11,000 పోస్టులు చూసేవారు. అంత శ్రమతోనూ పది శాతం వార్తల కిందే చర్చ తెరవగలిగారు. అందుకే చాలా వేదికలు కలగలుపు పద్ధతికి వస్తాయి: కొత్త ఖాతాలకు, కోర్టు కేసులకు, మరణాల వార్తలకు ముందస్తు పరిశీలన. పాత నమ్మకమైన ఖాతాలకు అనంతర పరిశీలన. నిర్ణీత గంటల తర్వాత చర్చ మూసివేత. రాత్రి డ్యూటీ లేని వేదిక రాత్రంతా చర్చ తెరిచి ఉంచడం పొరపాటు.

యంత్రానికి ఎంతవరకు అప్పగించాలి

అన్నిటికంటే పాత సాధనం నిషిద్ధ పదాల జాబితా. 1996లో ఇంగ్లండ్‌లోని స్కన్‌థార్ప్ పట్టణవాసులు ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సేవల సంస్థలో ఖాతా తెరవలేకపోయారు. ఊరి పేరు మధ్యలో ఒక బూతు పదం అక్షరాలు ఉండటమే కారణం. ప్రత్యయాలు పదానికే అతుక్కుపోయే తెలుగులో ఈ జాబితాలు రెండు వైపులా విఫలమవుతాయి. ఒక తిట్టుకు విభక్తి చేరితే, సంధి జరిగితే, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే, మధ్యలో చుక్క పెడితే జాబితాకు దొరకదు. రూపాలన్నీ చేరిస్తే మామూలు మాటలు చిక్కుకుంటాయి.

ఆ తర్వాత వచ్చినవి పోస్టు మొత్తాన్ని చూసి, అది ఎంత దురుసుగా ఉంటే అన్ని ఎక్కువ మార్కులు వేసే కంప్యూటర్ నమూనాలు. గూగుల్ అనుబంధ సంస్థ జిగ్‌సా 2017లో తెచ్చిన పర్‌స్పెక్టివ్ అలాంటిదే. ఇవి పనికొస్తాయి, అయితే లెక్క తెలియకుండా వాడకూడదు. 10,000 పోస్టుల్లో నిజంగా నియమం దాటినవి 300 అనుకుందాం. యంత్రం వాటిలో 90 శాతం పడుతుంది, అంటే 270. మంచి పోస్టుల్లో 5 శాతాన్ని మాత్రమే పొరబడి పడుతుంది. కానీ మంచివి 9,700 ఉన్నాయి కాబట్టి అవి 485. పట్టిన 755లో దాదాపు మూడింట రెండు వంతులు నిర్దోషులవే. యంత్రం చెప్పినవన్నీ నేరుగా తీసేస్తే తప్పుగా పోయేవే ఎక్కువ. అదే యంత్రాన్ని "ముందు ఇవి చూడండి" అని వరుస కట్టడానికి వాడితే మనుషులు 10,000కు బదులు 755 చూస్తే చాలు. తప్పిపోయిన ఆ 30 కోసం రిపోర్ట్ మీట ఉంటుంది.

ఇంకో లోపం పక్షపాతం. అల్పసంఖ్యాక సమూహాల పేర్లు ఎక్కువగా తిట్లలో కనిపించే సమాచారంతో శిక్షణ పొందిన నమూనా, ఆ పేరును తమ గురించి తాము చెప్పుకునేవారి పోస్టులకూ ఎక్కువ మార్కులు వేస్తుంది. నిందకు గురయ్యేవారి గొంతే ముందు నొక్కుకుపోతుంది.

తీసేశాక ఏం చెప్పాలి

"మీ పోస్టు మా నియమాలకు విరుద్ధం" అన్న సందేశం ఎవరికీ ఏమీ చెప్పదు. పనికొచ్చే సందేశం ఇలా ఉంటుంది: "వంతెన వార్త కింద మీ పోస్టులో 'ఎంత పుచ్చుకున్నారో' అన్న వాక్యం నియమం 2 కిందకు వస్తుంది (పేరున్న వ్యక్తిపై ఆధారం లేని నేరారోపణ). ఆ వాక్యం లేకుండా మళ్లీ రాయవచ్చు. మా నిర్ణయం తప్పనుకుంటే 14 రోజుల్లో అప్పీల్ చేయండి, వేరే మోడరేటర్ చూస్తారు." ఏ పోస్టు, ఏ వాక్యం, ఏ నియమం, ఇప్పుడేం చేయొచ్చు, ఎవరికి చెప్పుకోవచ్చు. అప్పీల్‌ను తీసేసిన మనిషే చూస్తే అది అప్పీల్ కాదు.

2018లో పౌర హక్కుల సంస్థలు, పరిశోధకులు రూపొందించిన శాంటా క్లారా సూత్రాలు అడిగినవి మూడే: ఎన్ని తీశారో అంకెలు బయటపెట్టాలి, ఎవరి పోస్టు తీశారో వారికి కారణం చెప్పాలి, అప్పీల్‌కు దారి ఉండాలి. 2024 ఫిబ్రవరి నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ డిజిటల్ సేవల చట్టం, కారణం చెప్పడాన్ని చట్టపరమైన బాధ్యతగానే మార్చింది.

షాడో బ్యాన్ అన్న పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. రాసినవారికి తన పోస్టు కనిపిస్తూనే ఉంటుంది, మిగతా ఎవరికీ కనిపించదు. స్పామ్ యంత్రాల మీద ఇది బాగా పనిచేస్తుంది, తమను ఆపారని తెలియక అవి కొత్త ఖాతాలు తెరవవు. మనుషుల మీద వాడితే మాత్రం అది మోసం. తప్పేంటో తెలియదు, దిద్దుకునే వీలుండదు.

నేటికీ తేలని వాదనలు

అసలు పేరుతోనే రాయాలంటే తిట్లు తగ్గుతాయా? దక్షిణ కొరియా 2007లో పెద్ద వెబ్‌సైట్లకు అసలు గుర్తింపును తప్పనిసరి చేసి చూసింది. 2011లో ఒక హ్యాకింగ్‌లో దాదాపు మూడున్నర కోట్ల మంది వివరాలు బయటికి పోయాయి. 2012 ఆగస్టులో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. చెడు పోస్టులు చెప్పుకోదగ్గంతగా తగ్గాయనడానికి ఆధారం లేదంది. అసలు పేర్ల పక్షాన ఉన్న వాదనలోనూ బలం లేకపోలేదు, చిన్న ఊరి వార్తల్లో పేరు మనిషిని జాగ్రత్తపరుస్తుంది. కానీ తన కార్యాలయంలో అవినీతి గురించి రాసే ఉద్యోగి, తన మీద జరిగిన హింస గురించి రాసే మహిళ అసలు పేరుతో రాయలేరు. స్థిరమైన మారుపేరు, దానికి చరిత్ర, వేదికకు మాత్రమే తెలిసిన ఈమెయిల్: నడిచే మధ్యేమార్గం ఇది.

చర్చను మూసేయడమే మేలా? పాపులర్ సైన్స్ పత్రిక 2013లో, రాయిటర్స్ వార్తా సంస్థ తన వార్తా కథనాలకు 2014లో, అమెరికా ప్రజా రేడియో ఎన్‌పీఆర్ 2016లో మూసేశాయి. మూసేసినవారి కారణాల్లో నిజముంది. రాసేవారు పిడికెడు, భరించేవారు వేలు. 2016లో బ్రిటన్ పత్రిక గార్డియన్ తన వేదికలోని ఏడు కోట్ల పోస్టులను విశ్లేషిస్తే, ఎక్కువ దూషణకు గురైన పదిమంది రచయితల్లో ఎనిమిది మంది మహిళలు, మిగతా ఇద్దరు నల్లజాతి పురుషులు అని తేలింది. తన విలేకరులను కాపాడుకోలేని వేదిక ఏ స్వేచ్ఛ గురించి మాట్లాడినా నిలవదు. మరో వైపు, మూసేస్తే చర్చ ఆగదు, ఏ నియమమూ లేని చోటికి వెళ్తుంది. విలేకరి తప్పును పట్టి చూపే పాఠకుడు కూడా దాంతోపాటే వెళ్లిపోతాడు. నార్వే ప్రసార సంస్థ ఎన్‌ఆర్‌కే సాంకేతిక విభాగం 2017లో మూసేయకుండా ఒక చిన్న గడప పెట్టింది: వార్తపై మూడు తేలిక ప్రశ్నలకు జవాబిచ్చాకే రాయగలరు. వార్త చదవకుండా శీర్షిక చూసి విరుచుకుపడటానికి అది అడ్డం.

వ్యవస్థీకృత దాడుల సంగతికి వస్తే, అరగంటలో 40 కొత్త ఖాతాలు ఒకే వాక్యాన్ని కొద్ది తేడాతో రాస్తే, అభిప్రాయం ఏదైనా సరే, తీయాల్సింది ఆ ప్రవర్తనను బట్టి. అభిప్రాయాన్ని బట్టి తీస్తే మరుసటి ఎన్నికల్లో అవతలి పక్షం అదే పని చేసినప్పుడు వేదిక చేతులు కట్టేసుకున్నట్టే.

నియమం ఎక్కడ కనిపించాలి

నియమాల పేజీని చదివేవారు అరుదు. దాని లింకు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేథన్ మథియాస్ అనే పరిశోధకుడు రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లోని సైన్స్ విభాగంలో చేసిన ప్రయోగం 2019లో ప్రచురితమైంది. కొన్ని చర్చల పైభాగంలో నియమాలను, వాటిని అమలు చేసే మనుషులున్నారన్న మాటను అతికించారు, కొన్నిటికి అతికించలేదు. అతికించిన చోట కొత్తవారు నియమాలు పాటించడం 8 శాతం పాయింట్లకు పైగా పెరిగింది. నియమాలు చూపిస్తే జనం బెదిరిపోతారన్న భయం కూడా తప్పని తేలింది. కొత్తగా పాల్గొనేవారి రేటు సగటున 70 శాతం పెరిగింది.

అందుకే నియమాల పూర్తి పాఠం వేరే పేజీలో ఉన్నా, ఆ వార్తకు వర్తించే రెండు వాక్యాలు రాసే పెట్టె పక్కనే ఉండాలి. కోర్టు కేసు వార్త దగ్గర "నిందితుడిని దోషి అని రాయకండి", ప్రమాద వార్త దగ్గర "మృతుల పేర్లు అధికారికంగా వెల్లడయ్యే వరకు రాయకండి" అని. నియమం మారినప్పుడు తేదీ వేసి, పాత వాక్యం, కొత్త వాక్యం రెండూ చూపించాలి. మార్పుకు ముందు రాసిన పోస్టులను కొత్త నియమంతో శిక్షించకూడదు. హాని కలిగిస్తున్న పాత పోస్టును దించవచ్చు గానీ, దాని పేరుతో ఖాతా మీద చర్య తీసుకోకూడదు.